చప్పుడు కాని నేల

"ఇది వేస్తే వినపడదుగా?" ఆవిడ మళ్లీ అడిగింది.

షాపాయన నమూనా పలకను అరచేత్తో నిమిరాడు. "పిల్లి నడిచినట్టుంటుందమ్మా."

"పిల్లులు లేవు. భారీ మనిషొకాయన. ఇంట్లో కూడా ఎత్తు మడమల చెప్పులు విప్పని ఆవిడొకరు. బంతి వదలని పిల్లలిద్దరు. వాళ్లు తిరిగినా వినపడదా అని."

పెద్ద సంసారమే అనుకున్నాడు షాపాయన. పెద్ద సంసారాలంటే అతనికి ప్రాణం. నేల తొందరగా అరుగుతుంది.

ఆవిడ బెంగంతా కూతురి గురించి. పోయినేడు ఉద్యోగ పరీక్ష కొద్దిలో తప్పింది. వచ్చే నెల మళ్లీ రాయాలి. పుస్తకం తెరిస్తే టకటక, కళ్లు మూస్తే దబదబ. ఆ పాత లామినేట్ పలకలు నీళ్లు తాగి ఉబ్బిపోయాయి. అతుకులు విడిపోయి, అడుగు పడితే చాలు డోలు వాయించినట్టే ఉంది. పిల్ల చెవుల్లో దూది కుక్కుకుని చదువుతోంది. ఆ దూది లోపలే ఉండిపోతే? చెవుడొస్తే? పరీక్ష హాల్లో టైమైపోయిందని అరిచినా వినపడక రాస్తూ కూర్చుంటే? ఆవిడ ఊహల్లో పిల్ల అప్పుడే పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుంది.

"ఇదంతా మనకెందుకే?" అన్నాడు భర్త మెడ రుద్దుకుంటూ. టేపు పట్టుకుని గది కొలిచిన దగ్గర్నుంచి ఆ మెడ తిరగడం లేదు.

"అవును, మీకెందుకు! పిల్ల నా ఒక్కదానికే పుట్టింది."

షాపాయనకి జాలేసింది. వ్యాపారం మరిచిపోయి, "మెల్లగా నడవమని చెప్పి చూడండమ్మా, పైసా ఖర్చుండదు" అనేశాడు.

"చెప్తే మొహాలు మాడ్చుకుంటారు. మాటా మాటా పెరుగుతుంది. పిల్ల చెవిన పడుతుంది. ఇక చదివినట్టే, రాసినట్టే!"

"మా ఇంట్లోనూ ఇదే వరసలెండి" అని నిట్టూర్చాడతను.

టైల్స్ చూపించాడు. చెప్పులావిడ గుర్తొచ్చి ఆవిడ వణికింది. తివాచీ చూపించాడు. "దుమ్ము పడుతుంది. దగ్గొస్తుంది. రాత్రంతా దగ్గితే?" అంది. కార్క్ పలకలు చూపించాడు. ధర విని తనే దగ్గింది.

చివరికి అడుగున స్పాంజిలాంటి మెత్తటి పొరున్న వినైల్ షీటు చుట్ట ఒకటి బయటికి తీశాడు. అన్నిటికన్నా చవక.

"ఆ బల్ల మీద పరవండి" అంది.

పరిచాడు.

ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బల్ల కిందికి దూరింది. "ఇప్పుడు పైనెక్కి దూకండి!"

షాపాయన భర్త వంక చూశాడు. భర్త సీలింగ్ ఫ్యాను వంక చూశాడు. బేరం పోతుందేమోనని షాపాయన ఆ వయసులో బల్లెక్కి దూకాడు.

"ఇంకొంచెం బరువుగా!"

భర్తని కూడా బల్ల మీదికి లాక్కుని దూకాడు. బల్ల కింద నుంచి సంతోషంగా, "బానే ఉంది" అని వినిపించింది.

"జారదుగా?" బయటికొచ్చి దుమ్ము దులుపుకుంటూ అడిగింది.

"జారదమ్మా. పడినా దెబ్బ తగలదు."

"దెబ్బ సంగతి కాదండీ. మనిషి పడితే దబ్బుమంటుందిగా!"

అంతవరకూ ఆవిడ మీదున్న గౌరవం షాపాయనకి కాస్త సడలింది.

"కొలతలకి మా మనిషిని పంపనా?"

"వద్దొద్దు, మేమే తీశాం. పిల్ల గది ఎంతో అంత. దానికి సరిపోతే చాలు."

"పాత పలకలు పీకాలమ్మా. వాటి మీదే పరిస్తే మళ్లీ ఉబ్బుతుంది."

"పీకితే అడుగున ఏముంటుంది?" ఆవిడ గొంతు తగ్గిపోయింది.

"సిమెంటు."

"దాని అడుగున?"

"భూమేనమ్మా, ఇంకేముంటుంది!"

భర్త గట్టిగా గొంతు సవరించుకున్నాడు.

ఆదివారం పొద్దున వ్యాన్లో చుట్ట వచ్చింది. పనివాళ్లిద్దరు దాన్ని భుజాలకెత్తుకుని మెట్లెక్కారు. ఆవిడ ముందు నడుస్తూ, గోడకి తగలనివ్వకండి, మడత పడనివ్వకండి, మీరు పడకండి అంటూ అడుగడుక్కీ దడ పుట్టించింది. భర్త మాత్రం సగం దారిలో ఆగిపోయాడు.

"నేను రాను. ఏం చేసుకుంటావో చేసుకో."

"రాకండి. రేపు పిల్ల పాసైతే స్వీట్లు మీరే పంచండి."

గుమ్మం ముందు పనివాళ్లు చుట్ట దించి చెమట తుడుచుకున్నారు. ఆవిడ కొంగు సర్దుకుంది. ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి బెల్లు నొక్కింది.

తలుపు తీసినాయనకి వినయంగా నమస్కారం పెట్టి, "మేం మీ కింది ఫ్లాట్లో ఉంటామండీ, మీ ఇంటికి కొత్త నేల తెచ్చాం, కాస్త మంచం పక్కకి జరుపుతారా?" అంది.