వరుస తప్పింది

"లోపలికి రావాలంటే పాంతున్‌కి పాంతున్ చెప్పి రా. కిరాయి నోళ్లు నా దగ్గర చెల్లవు," అన్నాడు హాజీ మర్జుకి, మొలలోని కత్తి మీద చెయ్యేసి.

చోండెట్ వీధిలో పెళ్లివారి డప్పులు టక్కున ఆగాయి. పాంతున్‌లు అనే సవాలు పద్యాలు చెప్పడానికి డబ్బిచ్చి తెచ్చుకున్న మనిషి, మొసలి ఆకారపు పెళ్లి రొట్టెలు మోసేవాళ్ల వెనక్కి మెల్లగా జారుకున్నాడు. ముందు మిగిలింది పెళ్లికొడుకు సత్రియో ఒక్కడే.

సత్రియోది సోలో. దోమని కొట్టినా క్షమాపణ చెప్పుకునే ఊరు. జకార్తాలో కంప్యూటర్ ముందు కూర్చుని బతుకుతున్నాడు, నోటితో పెద్దగా పని పడలేదు. జుబైదాని చేసుకోవాలంటే మాత్రం నాలుగు పాదాల పాంతున్‌లతో ఆమె తండ్రి మర్జుకిని గుమ్మంలోనే గెలవాలి. జవాబు తప్పిన పెళ్లికొడుకును వెనక్కి పంపిన ఘనత మర్జుకికి ఇదివరకే ఉంది. అది పెద్దల్లుడి కథ. కాబోయి కాకుండా పోయిన పెద్దల్లుడి కథ.

అందుకే సత్రియో ఏర్పాట్లతోనే వచ్చాడు. తలపాగా కింద, చెవిలో బుల్లి ఇయర్‌ఫోన్. దాని అవతల రూట్. ఆఫీసులో సర్వర్ల తాళాలన్నీ రూట్ గుప్పిట్లోనే ఉంటాయి కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. అసలు పేరు జీతాలిచ్చేవాళ్లకే గుర్తు. పాంతున్‌లన్నీ రూట్ రాసినవే. ఫైలు ఇద్దరి దగ్గరా ఉంది. సత్రియో దాంట్లో వరుస వరుసకీ నంబరు వేయించి, అచ్చుతీసి, విసనకర్రకు అతికించుకున్నాడు. పెళ్లి గోలలో పాంతున్ మొత్తం చెవిలో అందించడం కుదరదు. మొదటి వరుస నంబరైతే చాలు.

మర్జుకి గొంతు సవరించుకున్నాడు.

"కాలవ గట్టున కొంగల బారు,
కొబ్బరి చెట్టెక్కి కోతులాడాయి;
పిలవని పేరంటం, ఎవరండీ మీరు?
చెప్పులు ఎక్కడ దారి తప్పాయి?"

"ఒకటి," అంది చెవిలో గొంతు.

సత్రియో విసనకర్ర ఎత్తాడు.

"మంగళవారం సంతకు పోతే
మామిడిపళ్లు తెచ్చాను నేను;
మామా, మీ గడప తొక్కనిస్తే
మీ అమ్మాయిని అడగ వచ్చాను."

జనం ఈలలు వేశారు. మర్జుకి మీసం కింద నవ్వులాంటిది ఒకటి కదిలింది.

"పర్లేదే! అయితే ఇది చెప్పు. మా పిల్లది పెద్ద నోరు. రేపు మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది?"

"ఇరవై ఒకటి. కాస్త వినయంగా చదువు."

సత్రియో తల వంచి, ఎంతో వినయంగా చదివాడు.

"గోడ మీద పిల్లికి పొడవాటి తోక,
గూటిలో కోడికి గుడ్డంటే ప్రాణం;
వీధిలో అయ్యగారు పెట్టేది కేక,
ఇంట్లో అమ్మగారి ముందు మౌనం."

ముందు లోపలినుంచి మర్జుకి భార్య పకపకా నవ్వింది. ఆ తర్వాత ఇంకెవరూ ఆపుకోలేదు. మర్జుకి మొహం ఉడికిన రొయ్యలా తయారైంది.

"అది మనలో మనం నవ్వుకోవడానికి రాసింది, దద్దమ్మా!" అంది గొంతు.

"ఇరవై ఒకటన్నావుగా!" విసనకర్ర చాటున గొణిగాడు సత్రియో.

"నా దాంట్లో ఇరవై ఒకటంటే అయిదో పాంతున్."

"నా దాంట్లో ఆరోది. నంబర్లు ఏ కమాండ్‌తో వేశావు?"

"క్యాట్ మైనస్ ఎన్. నువ్వు?"

"ఎన్ఎల్."

"కొంప ముంచావు. ఎన్ఎల్ ఖాళీ వరుసలకు నంబరు వెయ్యదు, క్యాట్ వేస్తుంది. పాంతున్‌కీ పాంతున్‌కీ మధ్య ఓ ఖాళీ వరుస ఉందిగా!"

"ఏమీ లేని వరుసకు నంబరెందుకు?"

"ఖాళీదైతే మాత్రం వరుస కాదా?"

కత్తి పట్టిన మామగారి ముందు నిలబడి పెట్టుకోవలసిన తగువేనా ఇది! కంప్యూటర్ వాళ్ల బుద్ధి అంతే. కొంప తగలబడుతున్నా, నీళ్లను ఒకటో బకెట్ నుంచి లెక్కపెట్టాలా, సున్నా నుంచా అని కొట్టుకుంటారు.

"ఇక్కడ నా మెడ విరిగిపోతోంది, ఎదురుగా ఏదీ సరిగ్గా కనపడి చావదు, చుట్టూ జనం. పైగా నీకు పాఠాలు," గొంతు విసుక్కుంది. "ఉండు, నేనూ ఎన్ఎల్ కొడతాను."

ఉండనిచ్చేవాడా మర్జుకి! గబగబా వచ్చి సత్రియో తలపాగా పైకెత్తాడు. ఇయర్‌ఫోన్ ఊడి అరుగు మీద పడింది.

"అదీ సంగతి! మా ఇంటి గుట్టు వీడికెలా తెలిసిందా అనుకున్నా. ఎవడ్రా నీకు అందిస్తోంది?"

సత్రియో ఇయర్‌ఫోన్‌ను కాలి కింద దాచాడు.

"పేరు చెప్పు, నిన్ను లోపలికి పంపిస్తా. చెప్పవా, ఈ పెళ్లి లేదు."

సత్రియోకి ఏడుపొక్కటే తక్కువ. జుబైదా ఆ తలుపు వెనకే ఉంది. ఒక్క పేరు చెబితే చాలు.

"చెప్పను మామా. తప్పు నాదే. ఎన్ఎల్ కొట్టింది నేనే."

"ఎవర్ని కొట్టావు?" మర్జుకి కత్తి దూశాడు. వీధి చివరిదాకా వినిపించేలా అరిచాడు. "నా మీద పాట కట్టినవాడు ఇక్కడే ఎక్కడో నక్కాడు! మగాడైతే బయటికి రమ్మను!"

తలుపు లోపలినుంచి తెరుచుకుంది. మెడ వంచేస్తున్న పెళ్లి కిరీటాన్ని ఒక చేత్తో పట్టుకుని, కళ్ల మీది పూసల తెరను ఫోన్‌తో పక్కకు నెడుతూ, "మగాణ్ని కాదు నాన్నా, అయినా వచ్చాను," అంది జుబైదా.