అడక్కుండా మోగిన హారను

మా పక్కింటి గవర్రాజు రుషికొండ ఆఫీసులకు టాక్సీ తోలుతాడు. ఆ కారు హారను ఉన్నట్టుండి దానంతటదే మోగడం మొదలెట్టింది. ఇంకోసారి మోగితే వేరే కారు చూసుకుంటామని ఆఫీసువాళ్ళు చెప్పేశారు.

"ఉప్పుగాలి బావా," అన్నాను. మా విశాఖలో కిటికీ తుప్పుపట్టినా, జుట్టు ఊడినా, ఆఖరికి పెళ్ళిసంబంధం తప్పిపోయినా ఉప్పుగాలే.

ఫోనుకు కలిపిన స్కానరు మాత్రం స్టీరింగు కింద హారను మోగించే మాడ్యూలు పాడైందని చూపించింది. గవర్రాజు బ్యాటరీ తీగ పీకి, ఎయిర్‌బ్యాగు పేలకుండా ఆగలేక ఆగలేక కాసేపు ఆగి, స్టీరింగు ఊడదీశాడు.

మాడ్యూలు నిండా పసుపు మరక.

ఆయన భార్య తాయారు జాలరి ఇంటి పిల్ల. పుట్టింట్లో పసుపునీళ్ళు చల్లందే పడవను సముద్రంలోకి దించరు. కారునూ అలాగే పంపుతోంది, రోజూ పొద్దున్నే స్టీరింగు మీద దోసెడు చల్లి. నాలుగు చుక్కలే కదా అనుకున్నాడు గవర్రాజు.

కొత్త మాడ్యూలు బిగించి తాళం తిప్పాడో లేదో, చెంబుతో ఆవిడ తయారు.

"ఓలే, ఆగే! ఇదీ పోద్ది!"

"పోతే పోనీ. మా అన్న పడవకి ఆ రోజు జల్లనేదు. పడవొచ్చింది, అన్న రానేదు."

గవర్రాజు కారు దిగాడు. ఆవిడ ముందు తల వంచాడు.

"తోలీవోడ్ని నాను. నా నెత్తి మీద పొయ్యి."

ఇప్పుడు హారను నొక్కితేనే మోగుతోంది. కారెక్కినవాళ్ళు మాత్రం, "ఏంటన్నా, కాలరంతా పసుపు?" అని అడుగుతుంటారు.

"మా ఇంట్లో పడవ నానేనండీ," అంటాడు.