కర్ర ఊపు

తెల్లకర్ర కనబడితే డ్రైవర్ లేని కార్లు ఆగిపోవాలి. అది పాత నియమం. కళ్లున్నవాళ్లు కూడా రోడ్డు దాటడానికి తెల్లకర్రలు కొనుక్కోవడం మొదలుపెట్టాక కార్లు తెలివిమీరాయి. ఈమధ్య అవి కర్రతోపాటు దాన్ని ఊపే తీరు కూడా చూస్తున్నాయి.

హన్మకొండ చౌరస్తాలో సగం రోడ్డు దాటాక వినీలకు ఆ సంగతి తెలిసొచ్చింది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. చిన్నప్పటి నుంచి చెవిలోని మిషనే దారి చెబుతోంది కాబట్టి కర్రను ఊరికే పట్టుకుంటుంది తప్ప ఊపదు.

ఒక కారు ఆమె చున్నీని రాసుకుంటూ దూసుకుపోయింది. "నటించకండి, తప్పుకోండి!" అని ఇంకోటి కసిరింది. "ఆగండి, ఆగండి," అంటోంది చెవిలోని గొంతు. ఎటు కదలాలో మాత్రం చెప్పడం లేదు.

"వినీలా!" ఫుట్‌పాత్ మీది నుంచి పెద్దమ్మ కౌసల్య అరిచింది. ఆమెకూ చూపు లేదు, కానీ వినీల కర్ర చప్పుడు వినబడకపోవడంతో సంగతి పట్టేసింది. "కుడికాలు ఎయ్యంగనే కర్ర ఎడమకు తాకాలె. ఎడమకాలుకు కుడికి. భయపడకు బిడ్డా, ఊపు!"

వినీల అలాగే ఊపింది. కార్లు ఒక్కొక్కటిగా ఆగాయి. "ఇప్పుడు నేరుగా నడవండి," అంది చెవిలోని గొంతు.

అవతలి ఫుట్‌పాత్ అంచు కర్రకు తగలగానే ఆమె దాని మీదికి ఎక్కింది. వెనకాలే కౌసల్య వచ్చింది. ఆమె వెంట బోలెడు కర్రల చప్పుడు, ఒక్క తప్పు లేకుండా.

"ఎవరు పెద్దమ్మా వాళ్లు?"

"కండ్లున్నోళ్లు."

"ఇంత మంచిగ ఎట్ల ఊపుతున్నరు?"

"నేనే నేర్పిన. నిన్ను రమ్మంటే చెవుల మిషన్ ఉండంగ కర్ర ఊపుడెందుకు అంటివి. వాళ్లు వచ్చిండ్రు."