చుక్కల వెనక మొహం

ఆ పొద్దున ఆకాశం సరిగా తుడవని పలకలా ఉంది. వాన కురవదు, తెరిపి ఇవ్వదు.

కొట్టు తలుపు తీయగానే సేల్స్‌మన్‌కి గుమ్మంలో కోడిచూపు తాత కనపడ్డాడు. తల ఓ పక్కకి వాల్చి, గడ్డం ఎత్తి, గింజను చూసే కోడిలా చూస్తాడని ఆ పేరు తనే పెట్టాడు.

"బోణీ బేరం నీదేనా తాతా?"

"కొనేవాణ్ణి కాదు బాబూ. ఒక్కసారి చూపించు."

రోజూ ఇదే వరస. కళ్ళకి తగిలించుకునే ఆ హెడ్‌సెట్‌లో కంపెనీవాళ్ళు పెట్టిన డెమో వీడియోలు బోలెడు. కొండలు, సముద్రాలు. తాతకి అవేవీ పట్టవు. ఎవరి వంటింట్లోనో ఓ చిన్నపిల్లతో సహా నలుగురు కూర్చుని తింటున్నదే కావాలి.

"ఏముంది దాన్లో? మాటైనా వినపడదు."

"అందుకే, మొహమైనా చూద్దామని. ఆ పిల్ల దగ్గరికి వెళ్తే చుక్కలైపోతోంది. దోమతెరలోంచి చూసినట్టుంది."

"దీని తెరలో చుక్కలు పలచన తాతా. వచ్చే నెల కొత్తది వస్తుంది. దాన్లో ఒత్తుగా ఉంటాయి. కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు."

"త్వరగా వస్తే బాగుండు. నా కళ్ళకి ఎక్కువ గడువు లేదన్నాడు డాక్టరు."

కొత్తది వచ్చింది. ఆ రోజే తాత కూడా వచ్చాడు. కొట్టు నిండా జనం.

"ఇది కొనేవాళ్ళకే. ఓనరు చూస్తే నా ఉద్యోగం ఊడుతుంది. తర్వాత రా."

"తర్వాతంటే?"

"అబ్బా, జనం తగ్గాక!"

తాత గోడవార చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

జనం తగ్గేసరికి వానలు కూడా వెనకపట్టాయి. ఓ మధ్యాహ్నం తాత ఆ గోడే తడుముకుంటూ లోపలికొచ్చాడు.

"ఇప్పుడు తీరికేనా బాబూ?"

సేల్స్‌మన్ గబగబా హెడ్‌సెట్ తెచ్చి తగిలించబోయాడు. తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకెందుకిక? నువ్వు పెట్టుకుని చెప్పు. పిల్ల నవ్వుతోందా?"

పెట్టుకున్నాడు. చుక్కన్నది లేదు. పెదవి పక్కన అంటిన మెతుకుతో సహా పిల్ల మొహం తేటగా ఉంది.

"నవ్వుతోంది తాతా."

"ముందు పన్ను ఊడి ఉందా?"

"ఉంది."

ఆ పిల్ల ఎవరిని చూసి నవ్వుతోందా అని అటు తిరిగాడు.

మాటా పలుకూ లేకుండా నలుగురూ తింటున్నారు. బల్ల చివర, ఇన్నాళ్ళూ చుక్కల్లో కలిసిపోయిన తండ్రి, తల ఓ పక్కకి వాల్చి, గడ్డం ఎత్తి, గింజను చూసే కోడిలా కూతుర్నే చూస్తున్నాడు.