చక్కిలిగింత

"ఊఁ, కాలిటు పెట్టు" అన్నాడు డ్రైవరు, యూనిఫాం అయినా విప్పకుండా మంచం మీద కూలబడుతూ.

భార్య ఎడమకాలు మడిచి కుడి తొడ మీద వేసుకుంది. పక్షవాతంతో కుడికాలితో పాటే చచ్చుబడిన ఆమె కుడిచేతిని అతను మణికట్టు దగ్గర పట్టుకుని, ఆ వేళ్ళతోనే ఆమె అరికాలిని గీరసాగాడు. పూటకి వందసార్లు. ఐదు నెలలుగా ఇదే వరస.

మొదటిరోజు ఆమె కిసుక్కున నవ్వితే అతను ఆశ్చర్యపోయాడు.

"ఎవరి చేత్తో వాళ్ళకి చక్కిలిగింత పుట్టదు కదా మేడమ్?" అని వ్యాయామం నేర్పే ఆవిణ్ణి అడిగాడు.

"కదిపేది మీరు కదా! తనే కదుపుకుంటే మెదడుకి ముందే తెలిసిపోతుంది" అందావిడ.

ఆ సంగతి అతని బుర్రకెక్కలేదు. నవ్వు మాత్రం ఎక్కింది. పొద్దంతా బస్సు తోలి, ఎక్కినవాళ్ళ చేతా ఎక్కలేనివాళ్ళ చేతా తిట్లు తిని వచ్చేవాడికి ఇంట్లో మిగిలింది ఆ నవ్వొక్కటే.

మూలన ఆమె కుట్టుమిషను దుప్పటి కప్పుకుని ఉంది. 'ఊఁ' అంటే చాలు, రేపే పట్టుకుపోతానని ఒకడు కాచుక్కూచున్నాడు.

"అమ్మేస్తావా ఏంటి?" అంది భార్య.

"చెయ్యి లేకుండా అదెందుకు? చోటు దండగ."

"వస్తుందిలేవయ్యా. నీ బస్సు మాత్రం టైముకొస్తుందా?"

అతనికి నవ్వు రాలేదు. రోజూ ఇసుకమూటలా ఉండే ఆ చెయ్యి ఇవాళ తేలిగ్గా ఉంది. స్టీరింగ్ తిప్పితిప్పి తన చేతులే మొద్దుబారాయనుకున్నాడు. అరవై... అరవై ఒకటి... అప్పుడు గమనించాడు, ఆమె కూడా నవ్వడం లేదు.

"నవ్వవేమే?"

"రావట్లేదయ్యా."

"తగులుతోందా?"

"తగులుతోంది. చక్కిలిగింతే లేదు."

ఉన్న ఒక్క మంచి కాలూ పోతోందన్నమాట! వంద పూర్తి కాకుండానే చెయ్యి వదిలేసి లేచాడు. మిషను దగ్గరికెళ్ళి, ఆమెకి మొహం కనబడకుండా గోడవైపు తిరిగి, దాన్ని కొంటానన్నవాడికి ఫోను కలిపాడు. అవతల మోగుతోంది.

"ఆగవయ్యా!" అంది భార్య.

"ఇంకా ఏం ఆగాలే?" అని విసుగ్గా వెనక్కి తిరిగాడు.

ఆమె కుడిచేతి వేళ్ళు ఇంకా అరికాలిని గీరుతూనే ఉన్నాయి.