రాజలింగం అడుగులు

రోజుకు రెండు వేల అడుగులు నడవని రోగిని ఈ ఆస్పత్రి ఇంటికి పంపదు. చేతి పట్టీ అడుగులతో పాటు నాడినీ కనిపెడుతుంది.

పొద్దున పదికల్లా వార్డు తెరమీద రాజలింగం పేరు అందరికంటే పైన వెలిగింది. తొమ్మిది వేల అడుగులు. మెచ్చుకుందామని మంచం దగ్గరికి వెళ్లిన నర్సు ఝాన్సీ ఆయన చేయి పట్టుకుని అదిరిపడింది. చేయి చల్లబడిపోయింది. మణికట్టుకు పట్టీ లేదు.

"కొమురమ్మా! ఈయన పట్టీ ఏది?"

నేల తుడుస్తున్న ఆయా చేతికి, సిబ్బందికిచ్చే తన పట్టీ పక్కనే ఆయనదీ ఉంది.

"కాళ్లు గుంజుతున్నయని ఏడ్చిండు సిస్టర్. నేనెట్లయినా తిరుగుతనే ఉంట గద అని కట్టుకున్న. ఏమైంది?"

ఝాన్సీ దుప్పటిని ఆయన ముఖం మీదికి లాగింది. కొమురమ్మ మంచం వైపు చూసింది. ఆమె గుండె దడదడలాడింది.

"రాజలింగం గారూ, మీ నాడి వేగం పెరిగింది. కాసేపు పడుకోండి" అంది తెర.