మొసలి ఉపవాసం

ఆ మడుగులో మొసలి తల పైకెత్తితే చాలు, గట్టు మీద ఒక్క ప్రాణి నిలిచేది కాదు, పరుగెత్తలేని ముసలి తాబేలు తప్ప. “పాడు నోరు, పాడు నోరు” అని అన్నీ తిట్టిపోసేవి. వినీ వినీ మొసలికే తన నోరంటే రోత పుట్టింది. ఇక తెరిచేది లేదని దవడలు బిగించి, ఇసుకలో తన గుడ్లు కప్పెట్టిన చోటే పడుకుంది. నోరైతే మూసింది కానీ ఆకలి చావలేదు. తాబేలు వైపు చూస్తే మాంసం ముద్దే కనిపించేది.

ఒక సాయంత్రం ఇసుకలోంచి పిల్లల అరుపులు వినిపించాయి. మొసలి గబగబా తవ్వింది. పైన గద్దలు మూగాయి. నీళ్ళేమో దూరం.

“నోట కరుచుకుని తీసుకుపోవే!” తాబేలు గద్దించింది.

“ఆకలితో ఉన్నాను తాతా, మింగేస్తానేమో!” బిగించిన పళ్ళ సందుల్లోంచే గొణిగింది మొసలి.

“ఇన్నాళ్ళూ నీ కోసమే తెరిచావు. మంచిదాన్ననిపించుకోవాలని నీ కోసమే మూశావు. ఒక్కసారి ఆ పిల్లల కోసం తెరిచి చూడవే తల్లీ.”

మొసలి నోరు తెరిచింది. పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కి పళ్ళ సందుల్లో సర్దుకున్నాయి. నీళ్ళ దాకా ఆ దవడలు బిగుసుకోలేదు.

పిల్లలు ఈదుకుంటూ పోయాయి. మొసలి ఆకలి ఇంకా అలాగే ఉంది. తలెత్తి గట్టు వైపు చూసింది. అక్కడ మాంసం ముద్ద లేదు. డిప్ప మీద నాచు పట్టి, కళ్ళు చెమర్చిన ముసలి తాబేలు నిలబడి ఉంది.